పిడికెడు పరిగెలు

కొల్లేరు పొంగిన ఆ ఏడు మా లంకలో పొట్టకొచ్చిన వరి అంతా నీళ్ళలోనే కుళ్ళిపోయింది, సహోదరులారా. ముప్ఫైలనాటి మాట. మా నాన్న అంతకు ముందు ఏడే చలిజ్వరంతో ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయాడు, మా అమ్మ రత్నమ్మ ఊడ్పులకూ కలుపులకూ వెళ్ళి నన్నూ చెల్లెలినీ సాకుతూ వచ్చింది, ఆ కూలి కూడా నీళ్ళపాలయ్యాక మా ఇంట పొయ్యి రాజెయ్యని పూటలు వచ్చాయి.

అప్పటికి నేను ఏలూరులో మిషను బోర్డింగులో ఉండి చదువుకుంటున్నాను. సెలవులయ్యాక ప్రతి పిల్లవాడూ తన వంతు బియ్యం తీసుకునే తిరిగి రావాలి, అది అక్కడి కట్టుబాటు. మా అమ్మకు అంత తాహతు ఎక్కడిది? నా బియ్యం మా సంఘం ఆడవాళ్ళు ఇచ్చేవారు. ఎసట్లో బియ్యం పోసేముందు ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు తీసి, ప్రార్థన చేసి, పొయ్యి పక్కనున్న ముంతలో వేసేది, ఆదివారం ఆ ముంత ప్రార్థన పాకకు వచ్చేది. ఉపదేశి గారు ఎప్పుడో దోనె మీద వస్తే తప్ప మా పేటలో వాక్యం చదివే దిక్కు లేదు, మనలో ఒక్కడికైనా చదువు రావాలని వాళ్ళ ఆశ.

ఆ దసరా సెలవుల్లో ముంతలన్నీ ఖాళీగా వచ్చాయి. కుర్రాణ్ణి గేదెల వెంట పంపితే రెండు పూటలా కూడు పెడతానని కామందు గారు కబురు పెట్టారు. అమ్మ సరేనంది. చెల్లెలు ఆకలికి ఏడుస్తుంటే ఆమె మాత్రం ఏం చేస్తుంది? గేదెల వెంట వెళ్ళినవాడు మళ్ళీ పలక పట్టడం మా పేటలో ఎవరూ చూడలేదు. గట్టు మీద కూర్చుని, "ప్రభువా, నాకు కూడు వద్దు, బడి ఇయ్యి" అని ప్రార్థించాను. కూడు లేనిదే బడి లేదని ఎరగని వయసు!

నేను బోర్డింగుకు తిరిగి వెళ్ళాల్సిన రోజుకు ముందు ఆదివారం సారమ్మ మామ్మ, పళ్ళన్నీ ఊడిన ముసలామె, తన ముంత తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో ఎండు పరిగెలున్నాయి, పాక కప్పు మీద ఎండబెట్టిన వేలెడేసి చేపలు. సంఘపెద్ద ఇస్సాకు తాత ముక్కు మూసుకున్నాడు.

"ఇదేంటే సారమ్మా? పిడికెడు బియ్యమంటే బియ్యమే గదా. దేవుడి బల్ల మీద నీచు పెడతావా?"

"అన్ని వేలమందికి పెట్టిన నాడు రొట్టెలతో పాటు చేపలు కూడా ఉన్నాయంట గదా ఇస్సాకూ. నీచని ప్రభువు ముక్కు మూసుకున్నాడా?"

పాకంతా నవ్వింది. ఆకలి మొహాల మీద ఎన్నాళ్ళకో వచ్చిన నవ్వు. ఒక్కొక్కరే లేచి ఇళ్ళకు వెళ్ళి తలా ఒక పిడికెడు పరిగెలు తెచ్చారు, ఆ రోజుల్లో వాళ్ళ తిండే అది. మా వరిని మింగిన నీళ్ళే ఆ చేపల్ని మా గుమ్మాల్లోకి తెచ్చి పోశాయి, అంతవరకూ మేమెవరమూ ఆ సంగతి తలచుకోలేదు! చెల్లెలికి తలా ఒక ముద్ద పెడతామన్నారు. అమ్మ కూడా ఒక పిడికెడు వేసింది, అప్పుడు తెలిసింది నాకు, నన్ను గేదెల దగ్గరకు పంపదని.

దోనె దిగి, పరిగెల గంప నెత్తిన పెట్టుకుని ఏలూరు నడిచాను. బియ్యం మూటలతో నిలబడ్డ పిల్లలు చేపల సంత వచ్చిందిరా అని వేళాకోళం చేశారు. బియ్యమేదని వార్డెను గారు గట్టిగా అడిగారు. భయంతో నాకు రొట్టెలతో పాటు చేపలు కూడా ఉన్నాయన్న సారమ్మ మామ్మ మాట తప్ప మరొకటి నోట రాలేదు. ఆయన వంగి గంపలోకి చూశారు.

"ఎవరన్నార్రా ఆ మాట?"

"మా మామ్మండి."

"చదువుకుందా?"

"లేదండి."

"వంటవాడికి ఇచ్చి రా. వచ్చి నీ బెంచీ మీద కూర్చో."

ఆ సాయంత్రం పులుసు అందరి విస్తళ్ళలోకీ వచ్చింది. చింతలపూడి మెట్ట నుంచి వచ్చిన పిల్లలు మా కొల్లేటి చేప రుచి అంతవరకూ ఎరగరు. సహోదరులారా, నేను పత్రికాఫీసులో తల నెరిసినవాణ్ణి, చూడనిది రాయను. చేపలు పెరగడం నేను చూడలేదు, వంటవాడు చింతపండు రసం పెంచడం చూశాను. అయితే ఆకలితో ఉన్న చేతులు పిడికిలి విప్పడం చూశాను, అంతకంటే పెద్ద అద్భుతం నా కళ్ళు ఈ రోజుకీ చూడలేదు!

క్రిస్మసుకు ఇంటికి వచ్చి ప్రార్థన పాకలో ఆ వాక్యభాగమే చదివాను. ఒక చిన్నవాడి దగ్గర రొట్టెలూ చేపలూ ఉన్నాయన్న చోట మామ్మ చెయ్యెత్తి ఆపింది.

"ఒరే అబ్బాయ్, ఆ పిల్లోడికి మూట కట్టిచ్చిన అమ్మ పేరు రాసుందా అందులో?"

"లేదు మామ్మా."

"పోన్లే. ఆయనకి తెలుసుగా. చదువు."

చదివాను. ఆనాటి నుంచి నన్ను చదివిస్తున్న దేవునికే మహిమ. ప్రియులారా, మీ ముంత ఈ రోజు ఖాళీగా ఉంటే, మిమ్మల్ని ముంచిన నీళ్ళు మీ గుమ్మంలో ఏం వదిలి వెళ్ళాయో ఒకసారి వంగి చూడండి. అది నీచే అయినా ఆయన చేతిలో పెట్టండి. ఆయన ముక్కు మూసుకోడు.