స్నానం చేయించిన దూడ

ఒంటికి సొంత వాసనంటూ లేకుండా చేసుకోవడమే నాగరికత అని నేను గట్టిగా నమ్మిన రోజులవి. నంద్యాలలో ఒక ఫ్యాన్సీ షాపులో సబ్బులు, సెంట్లు అమ్మేవాణ్ణి. సెలవు రోజు ఆళ్లగడ్డ దగ్గరున్న మా పల్లెకు వెళ్తే, నాకంటే ముందు నా పౌడరు ఇల్లు చేరేది.

అలా వెళ్లిన ఒకసారి, మా ఎనుముకు, అంటే గేదెకు, పుట్టిన దూడ చచ్చిపోయి ఉంది. ఎనుము మేత ముట్టడం లేదు, పాలు చేపడం లేదు. పాలివ్వని గొడ్డును మేపే స్తోమత నాయనకు లేదు. మరునాడు పశువుల బేరగాడు వస్తాడు; వాడి వెంట పోతే అది చేరేది కటికంగడికే. ఇక మిగిలింది ఒక్కటే దారి. మా వైపు చచ్చిన దూడ తోలు వలిచి, లోపల గడ్డి కూరి తల్లి ముందు నిలబెడతారు. తల్లి దాన్ని నాకుతూ పాలు చేపుతుంది. నాయన అప్పటికే తోలు వలిచి ఆరబెట్టాడు. గడ్డి కూరే పని నాకు అప్పజెప్పి చేనికి పోయాడు. ఆ కంపు నేను భరించలేకపోయాను. షాపు నుంచి తెచ్చిన సబ్బుతో తోలును బాగా రుద్ది కడిగి, ఎండలో ఆరేసి, గడ్డి కూరి, పైన మల్లెపూల పౌడరు కూడా చల్లాను. (బతికున్నప్పుడు ఆ దూడ ఏనాడూ అంత అందంగా లేదు.)

సాయంత్రం ఎనుము దాన్ని ఒకసారి వాసన చూసింది, తుమ్మింది, తల తిప్పుకుంది. నాయన కాసేపు దూడను, కాసేపు నన్ను చూశాడు.

"ఏందిరా ఇది, పెండ్లిచూపులకు తయారు చేస్తాండావా? అది ముక్కుతో గుర్తుపడతాదిరా. దాని బిడ్డనంతా కడిగి కాలవలో పోసినావు గదరా."

ఎవరూ నవ్వలేదు. అమ్మ మాత్రం కొట్టం మూలకు పోయి, దూడ పండుకున్న గోనెపట్టను తెచ్చి (దాన్ని పారేయమని పొద్దున సలహా ఇచ్చింది నేనే) ఆ బొమ్మ మీద కప్పింది. ఎనుము మళ్లీ మూతి ఆనించింది. గొంతులో సన్నగా ఏదో అంది. నాకడం మొదలుపెట్టింది. చెంబులో పాలధార చప్పుడు వినబడ్డాక నాయన, "బేరగాన్ని రావద్దని చెప్పు పో" అన్నాడు. ఎనుము మిగిలింది. ఆ పాలతో కాచిన టీ మాత్రం మాలో ఎవరికీ గొంతు దిగలేదు. పితకడం అయిపోయినా అది ఆ గోనెపట్టను నాకుతూనే ఉంది.

నాయన పోయి ఏడాది కావస్తోంది. ఆయన తువ్వాలు నా బీరువాలో ఉంది. ఉతుకుతానని నా భార్య అడిగినప్పుడల్లా ఏదో ఒక సాకు చెప్తాను. ఇప్పుడు సబ్బుల అంగడి నా సొంతం. ఊరందరికీ సబ్బులమ్మే నేను, ఆ ఒక్క గుడ్డ దగ్గరికి సబ్బును రానివ్వను. అప్పుడప్పుడు బీరువా తెరిచి ముఖం అందులో పెడతాను. అప్పటి ఆ పౌడరు పిల్లోడు చూస్తే ముక్కు మూసుకుంటాడు.