డాక్టర్ జీవరత్నం గారి చూపులో ఏమీ లేదు

మా డాక్టర్ జీవరత్నం గారు దివంగతులై వారం కావస్తోంది. పోయిన మంగళవారం ఉదయం, ఈ బెంగాలు ఓడరేవు పక్కనున్న ఏక్‌బాల్‌పూర్‌లోని తమ దవాఖానా తలుపు తీయకముందే, కుర్చీలో కూర్చుని బూట్లు తొడుక్కుంటూ ఉండగా ఆయన గుండె ఆగిపోయింది. ఆ వార్త నాకు బడిలో, పిల్లలకు తెలుగు వాచకం చెబుతుండగా అందింది. నమ్మశక్యం కాలేదు. ముందురోజు సాయంత్రమే నాతో గంటసేపు వాదించిన మనిషి! పాఠం మధ్యలో వదిలేసి పరుగెత్తాను.

గుమ్మంలో నా చెవిన పడిన మొదటి మాట రోదన కాదు. "సొంత ఇద్దే తిరగబడిందట మాస్టారూ" అన్నాడొక పెద్దమనిషి, పరమ రహస్యం చెబుతున్నట్టు. ఏడవవలసిన సమయంలో నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏడాదిగా ఆయన గుండెజబ్బుకు మందులు మింగుతున్నారని పేటంతటికీ తెలుసు. అయినా సరే, విద్య తిరగబడాలి! అందుకే, సంతాపంతో పాటు కొంత కోపాన్ని కూడా ఈ వ్యాసంలో భరించవలసిందిగా పాఠకులను వేడుకుంటున్నాను.

వారిది భీమిలి ప్రాంతం. ఎల్.ఎం.పి. వైద్యం చదివారు. యుద్ధకాలంలో సైనికుల ఆసుపత్రిలో పనిచేస్తూ, మత్తుమందు చాలని రోజుల్లో, ఒక పెద్ద డాక్టరు వద్ద సమ్మోహన చికిత్స నేర్చుకున్నారు. హిప్నాటిజం అంటే అందరికీ తెలుస్తుంది, తెలుస్తుందని అనుకుంటారు. అదే వచ్చిన చిక్కు. ఓడరేవులో పనిచేసే మన శ్రీకాకుళం వాళ్ళ మధ్య స్థిరపడి, జ్వరాలకూ దెబ్బలకూ వైద్యం చేస్తూనే, భయాలతో, నిద్రలేమితో, మొండి నొప్పులతో వచ్చేవారికి ఈ చికిత్స కూడా చేసేవారు.

ఇంతకూ ఆయన చేసిందేమిటి? రోగిని వాలుకుర్చీలో కూర్చోబెట్టి, పాదాలు నేలకు ఆనించమనేవారు. గోడకున్న ఒక మేకును చూస్తూ ఊపిరి నెమ్మదిగా వదలమనేవారు. మాట్లాడుతూ, మాట్లాడుతూ ఒంట్లో బిగుసుకున్నదంతా సడలేలా చేసేవారు. మనసు ఒక్కచోట కుదురుకున్నాక, ఆ మనిషి దేనికి భయపడుతున్నాడో దాన్ని ఊహలోనే కొంచెం కొంచెంగా చేయించేవారు. అది నిద్ర కాదు. వీధిలో రిక్షా గంట కూడా వినబడుతూనే ఉంటుంది. ఇష్టం లేనివాడు లేచి ఇంటికి పోవచ్చు. కొందరికి గుణమిస్తుంది, కొందరికి ఇవ్వదు. ఇవ్వనివాళ్ళకు ఆయనే ఆ మాట చెప్పేసేవారు. నొప్పి అంటూ ఎవరొచ్చినా ముందు పెద్దాసుపత్రిలో చూపించుకు రమ్మనేవారు. "నొప్పి తలుపు కొడతాది బావూ. ఎవలొచ్చారో సూడకుండా దాని నోరు నొక్కీకూడదు" అనేవారు.

ఇంత సులభమైన సంగతి ఇరవయ్యేళ్ళలో మనవాళ్ళ తలకెక్కలేదు. ఆయన దగ్గరకు వచ్చే ప్రతివాడూ చేతిలో నిమ్మకాయ, మొలతాడుకు ఇనుపమేకు లేకుండా గడప తొక్కేవాడు కాదు. మంత్రగాడి చూపు తగలకుండా రక్షణ! డాక్టరు గారు ఆ నిమ్మకాయను ఆప్యాయంగా అందుకుని, కోసి, రెండు గ్లాసుల షర్బతు కలిపి, ఒకటి రోగి చేతికిచ్చి ఒకటి తాము తాగేవారు. "ముందు దాహం తీర్సుకో. మేకు మొలలో ఎందుకు, గుచ్చుకుంటాది. నా మేకు గోడకుంది, దాన్ని సూడు."

కంటిశుక్లాల ఆపరేషను తరువాత ఆయన నల్లద్దాలు పెట్టుకున్నారు. ఇంకేముంది, చూపు దాచుకుని తిరుగుతున్నాడన్నారు. కూరగాయల బజారులో ఆడవాళ్ళు కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకునేవారు. బెంగాలీ ఇరుగుపొరుగు "జాదూకర్ డాక్టర్‌బాబు", అంటే ఇంద్రజాల డాక్టరు, అని ముద్దుగానే పిలిచేవారు గాని, పిల్లల్ని మాత్రం లోపలికి పంపేసేవారు.

ఓడరేవు కూలీల ముఠా నడిపే ఒక సర్దారు తన భార్యను తీసుకొచ్చి, "దీని కాసులపేరు ఎవలికిచ్చీసిందో నిద్దట్లో సెప్పించండి బాబూ" అన్నాడు. డాక్టరు గారు ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, అతనితో అన్నారు: "ఇది నిద్ర కాదు నాయనా. నిద్రే అయినా అబద్ధం ఆడొచ్చు. మెలకువలో నీకు నిజం సెప్పడానికి ఆవిడకేటి భయమో, ఆ ముక్క నువ్వు కనుక్కో." సర్దారు మళ్ళీ ఆ వీధిలోకి రాలేదు.

చివరికి సంఘకాపరి అయ్యగారు కూడా, ఇలా మనుషుల్ని నిద్రపుచ్చడం సాతాను పని కాదా అని అడిగారు. "మీ ప్రసంగంలో సగం సంఘం నిద్రపోతాది అయ్యగారూ. నా దగ్గర ఒక్కడూ నిద్రపోడు" అన్నారు మన డాక్టరు గారు. తరువాతి ఆదివారం నుంచి ప్రసంగం కొంత తగ్గిన మాట వాస్తవం.

నా కథ కూడా చెప్పాలి. ఆరేళ్ళ కిందట, పదిమంది ముందు నిలబడితే నాకు గొంతు పెగిలేది కాదు. బడిపంతులుకు అంతకన్నా శాపమేముంది? ఆయన ఆరు వారాలు శ్రమపడ్డారు. నయమయ్యాక కృతజ్ఞతతో "అంతా మీ చలవే" అన్నాను. ఆయనకు నిజంగా కోపం వచ్చింది. "గంగలోకి ఓడని తెచ్చే పైలటు ఓడని మొయ్యడు మాస్టారూ. ఎక్కడ లోతో, ఎక్కడ ఇసకో సెప్తాడు. నడిచీది ఓడే. సదువుకున్న మీరు కూడా ఇలగంటే ఎలాగ?" నాకు అర్థమైందనే అనుకున్నాను.

ఆ చివరి సాయంత్రపు వాదన కూడా ఇదే. ఈ అపోహలన్నీ ఖండిస్తూ పత్రికకు రాయమన్నాను. "సదివీదెవలు? వచ్చినోడికి సెప్తే సాలు" అన్నారు. ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఇదొక్కటే. తన గురించి జనం ఏమనుకున్నా నవ్వి ఊరుకునేవారు. ఆ నవ్వుకు ఫలితం ఆయన పోయిన మూడోనాడు నా గుమ్మం ముందు నిలబడింది.

పాత రోగులు పదిహేనుమంది వచ్చారు. డాక్టరుబాబు తమకు మంత్రంతో కట్టిన "కట్టు" విప్పకుండానే వెళ్ళిపోయారు, శిష్యుడివి కనుక నువ్వు విప్పమని కొందరు. కట్టు తెగిపోయింది, మళ్ళీ కట్టమని కొందరు! నేను ఆయన పుస్తకాలు మోసినవాణ్ణే గాని శిష్యుణ్ణి కాదు, కట్టడానికీ విప్పడానికీ అక్కడేమీ లేదు మహాప్రభో అని మొత్తుకున్నాను. వింటేగా!

రెండో జట్టులో అప్పలస్వామి ఉన్నాడు. ఓడ మీద బస్తాలు ఎత్తిదించే వించి యంత్రం నడుపుతాడు. రెండేళ్ళ క్రితం తాడు తెగి బస్తాలు తోటివాడి మీద పడి ప్రాణం తీయడం కళ్ళెదుటే చూశాడు. అప్పటినుంచి ఓడ నిచ్చెన తాకితే కాళ్ళు కొయ్యబారిపోయేవి. డాక్టరు గారి దగ్గర బాగుపడి మళ్ళీ పనిలో చేరాడు. ఇప్పుడు మూడు రోజులుగా ఇంట్లోనే ఉన్నాడు. సోమవారం కూడా రాకపోతే పేరు కొట్టేస్తామని మేస్త్రి కబురంపాడు.

"డాక్టరుబాబు ఎల్లిపోనారు. ఆరి కట్టూ తెగిపోనాది. నానింక నిచ్చెనెక్కలేను మాస్టారూ."

"ఆయన నీకేమీ కట్టలేదయ్యా! ఎక్కింది నువ్వు, నీ కాళ్ళు!" అని అరిచాను. పైలటు సామెత చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. మీరంతా ఇంతే, ఆ మహానుభావుణ్ణి మంత్రగాణ్ణి చేసి చంపారు అని కూడా తిట్టాను. ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ఆదివారం మా బడిలో సంతాపసభ జరిగింది. మొదట నేనే మాట్లాడాలి. లేచి నిలబడ్డాను. ఎదుట కుర్చీలో పూలదండతో డాక్టరు గారి పటం. నోరు తెరిచాను. మాట రాలేదు. ఆరేళ్ళుగా రాని చెమట పట్టింది. ఆయన లేరు, ఇక నావల్ల కాదు అనిపించింది. సరిగ్గా అప్పలస్వామి అన్న మాటే! పేటనంతా అజ్ఞానులని తిట్టిన పంతులు, లోపల్లోపల తానూ ఒక నిమ్మకాయ దాచుకున్నాడన్నమాట.

సభ గుసగుసలాడింది. అప్పుడు వెనక వరసలోంచి అప్పలస్వామి లేచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"మాస్టారూ, కాళ్ళు నేలకి ఆనించండి. బరువంతా దానికి ఒగ్గీండి. గోడకి మేకుంది, సూడండి. ఊపిరి నెమ్మదిగా... అలగే. ఏటీ అవదు. మీరే నడుస్తారు."

అవి డాక్టరు గారి మాటలే. కానీ ఆ గొంతు అప్పలస్వామిది. అతని దగ్గర ఏ విద్యా లేదని నాకూ తెలుసు, అతనికీ తెలుసు. నా గొంతు పెగిలింది. ఏం మాట్లాడానో గుర్తు లేదు. ఏడ్చాననీ, సభను కూడా ఏడిపించాననీ అన్నారు. నేను కూర్చున్నాక చూస్తే అప్పలస్వామి తన కాళ్ళ వంక చూసుకుంటున్నాడు.

సోమవారం అతను ఓడెక్కాడు. నిచ్చెన మధ్యలో రెండుసార్లు ఆగాడట, మేస్త్రి తిట్టాడట, అయినా ఎక్కాడు. సాయంత్రం ఇద్దరం కలిసి సమాధి దగ్గరకు వెళ్ళాం. పూలమధ్య, డాక్టరు గారి చూపు బయటికి రాకుండా, ఎవరో ఏడు నిమ్మకాయలు పెట్టి వెళ్ళారు. నాకు మళ్ళీ అరికాలి మంట నెత్తికెక్కబోయింది. అప్పలస్వామి వాటిని ఏరి తువ్వాలులో మూటగట్టాడు. మా ఇంట్లో షర్బతు చేసుకుని, ఆయన పేరు చెప్పుకుని తాగాం.

డాక్టరు గారూ, మీరు ఇరవయ్యేళ్ళు చెప్పిన మాట, మీరు పోయాక, ఇద్దరికి అర్థమైంది. తక్కినవాళ్ళ సంగతి నన్నడగకండి. మీవంటి మనిషి మాకు మళ్ళీ రాడు. ఒకవేళ వచ్చినా, మనవాళ్ళు నిమ్మకాయతోనే ఎదురెళ్తారు.