లాభం, రెండు, మూడు

సౌదీలో, మలాజ్ అనే పేటలో నేనుండే గదిలో కిటికీ ఏసీ మోత తప్ప ఇంకో గొంతు వినపడదు. నాతో నర్సులుగా వచ్చిన మా గోదావరి వాళ్ళంతా ఒక్కొక్కరే, ఇక తిరిగి రానక్కర్లేని ఫైనల్ ఎగ్జిట్ వీసా కొట్టించుకుని, ఇళ్ళకు వెళ్ళిపోయారు. నేను మిగిలాను. ఆపరేషన్ థియేటర్లో గంటల తరబడి నిలబడే వయసు దాటాక, ఆసుపత్రి వాళ్ళు నన్ను నేర్పే పనికి మార్చారు. నూనె సీసా తెరిచిన తేదీ మూత మీద రాసుకునే మనిషిని. లెక్క నేర్పడానికి నాకంటే చాదస్తురాలు దొరకదని వాళ్ళకు తెలుసు.

కిందటి చలికాలం యెమెన్‌లోని ఒక పట్టణం నుంచి ఇద్దరు నర్సుల్ని శిక్షణకు పంపారు. అక్కడ యుద్ధం ఆగింది. కూలిన ఆసుపత్రిని నాలుగు దేశాలు కలిసి మళ్ళీ నిలబెట్టాయి. గోడలకు సౌదీ డబ్బు, ఆపరేషన్ బల్ల ఒక దేశానిది, దీపాలు ఇంకో దేశానివి, జనరేటర్ మరొకరిది. అన్నీ చేరాయి. కానీ శిక్షణ పొంది పరీక్ష నెగ్గిన నర్సు ఒక్కరైనా లేనిదే థియేటర్ తెరవకూడదని వాళ్ళ ఒప్పందం. అప్పటిదాకా కాన్పు కష్టమైన తల్లుల్ని కొండదారి వెంట వేరే ఊరికి తీసుకుపోవలసిందే.

ఇద్దరిలో ఒకామె, ఇంటి నుంచి కబురొచ్చి, మొదటి వారంలోనే వెనక్కి వెళ్ళిపోయింది. రెండో ఆమె మిగిలింది. ఆమె చేతులు మంచివి. చిక్కల్లా గొంతుతోనే.

ఆపరేషన్లో రక్తం అద్దే గుడ్డల్ని మేం మాప్‌లంటాం. కడుపు కుట్టేముందు వాటిని పైకి లెక్కపెట్టాలి. డాక్టరుకు వినపడాలి. ఒక్కటి తగ్గినా, ఎంత పెద్ద డాక్టరునైనా ఆపాలి. పాఠాల గదిలో మనిషంత బొమ్మను బల్ల మీద పెట్టి నేర్పేదాన్ని. ఈమె లెక్కపెడుతుంటే మాస్కు కదిలేది తప్ప చప్పుడు వచ్చేది కాదు.

"పైకి అను," అన్నాను.

"అంటూనే ఉన్నాను ఖాలా." వాళ్ళలో పిన్నిని అలా పిలుస్తారు.

"నీకు నువ్వే చెప్పుకుంటే సరా? ఈ బల్ల మీది బొమ్మకు కూడా రెండు చెవులు పెట్టారు. దానికైనా వినిపించు."

నవ్వలేదు. "మా ఇంట్లో మగవాళ్ళ ముందు గొంతెత్తి ఎరగను. నోరు రావడం లేదు," అంది. మాప్ మడత పెడుతూ, "నా చెల్లెలు కాన్పు కష్టమై ఆ కొండదారిలోనే పోయింది. నేను తప్పితే మా ఊరికి ఇంకెవరూ లేరు," అంది. నేను మరి గద్దించలేదు.

ఒకరోజు పాఠానికి ముందు నేనొక్కదాన్నే మాప్‌లు సర్దుకుంటున్నాను. ఒంటరిగా ఉంటే నా లెక్క మా నాన్న లెక్కలోకి పోతుంది. ఆయన కళ్లాల్లో వడ్లు కొలిచేవాడు. మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా లాభం అనేవాడు. తరువాతి కుంచం నిండేదాకా అన్న అంకెనే రాగం తీస్తూ ఉండేవాడు, రెండూ రెండూ రెండూ అని. మధ్యలో ఎవరు పలకరించినా లెక్క జారేది కాదు.

వెనక నవ్వు వినపడింది. ఆమె గుమ్మంలో ఉంది. "అదేం పాట ఖాలా?"

"పాట కాదు, లెక్క. మా భాషలో."

"ఇక్కడ ఎవరికి అర్థమవుతుంది?"

"ఎవరికీ కాదు."

ఆ మాట ఆమెకు బాగా నచ్చినట్టుంది. పక్కకు వచ్చి నిలబడి ఒక్కొక్కటే నాచేత మళ్ళీ చెప్పించుకుంది. తరువాత తను అంది. గది అంతా వినపడేలా అంది. అరబ్బీలో ఉన్న సిగ్గు ఈ మాటల్లో లేదు.

ఆ వారమంతా ఇద్దరం అలాగే లెక్కపెట్టాం. ఏసీ బాగుచెయ్యడానికి వచ్చిన జగిత్యాల అతను నిచ్చెన మీద నుంచి తొంగి చూశాడు. "ఏందమ్మా, దవాఖానల వడ్లు కొలుస్తున్నరా?"

"కొలుత్తన్నాం నాయనా. గోతం తెచ్చుకో, నీకూ ఓ కుంచెడు పోత్తాం."

"మా దిక్కు గూడ లాభం అనే షురు జేస్తరు. శానొద్దులైంది ఇనక. ఇంకోపాలి అనరాదుండ్రి," అన్నాడు. ఆమె చేతే అనిపించాను. స్క్రూడ్రైవర్ చేతిలో పట్టుకుని, పది దాకా విని దిగాడు.

పరీక్ష పెట్టింది ఈజిప్టు సర్జన్. ఏ భాషైనా సరే, లెక్క కుదిరితే చాలన్నాడు. నన్ను నోరు మెదపవద్దని తలుపు దగ్గర నిలబెట్టాడు. బొమ్మ కడుపులోంచి ఆమె ఒక్కొక్క మాప్ తీసి పళ్ళెంలో వేస్తోంది. ఎనిమిది, తొమ్మిది. మొదట లెక్కపెట్టినవి పది, పదోది లేదు. ఆయన సూది పైకెత్తాడు.

"అయిందా? కుట్టనా?"

ఆగమనడం ఆమెకు చేతకాదని నాకు తెలుసు.

"తొమ్మిది," అంది.

"అంటే?"

"తొమ్మిదీ, తొమ్మిదీ." కుంచం నిండలేదు కాబట్టి ఆమె ముందుకు పోలేదు. అన్నకొద్దీ గొంతు పెరిగింది. నడవాలో పోతున్న వాళ్ళు ఆగి అద్దంలోంచి చూశారు. "తొమ్మిదీ!"

ఆయన సూది కింద పెట్టి, ఎడమ చెయ్యి ఎత్తాడు. తనే కావాలని దాచిన మాప్ ఆ చేతి కింద, ఆకుపచ్చ దుప్పటి మడతలో ఉంది. ఆమె దాన్ని పట్టకారుతో తీసి పళ్ళెంలో వేసి, "పది," అని ఊరుకుంది.

"మీ భాషలో ఆగమనడానికి ఇంత గొడవ చెయ్యాలా?" అని ఆయన నన్ను అడిగాడు.

"ఆగేదాకా చెయ్యాలి," అన్నాను.

పరీక్ష నెగ్గి ఆమె తన ఊరికి వెళ్ళిపోయింది. పాఠాల గదిలో బొమ్మకు ముసుగు కప్పారు. తరువాత ఎవరిని పంపుతారో ఇంకా చెప్పలేదు. ఏసీ అతను కూడా ఎగ్జిట్ మీద పోయాడట.

ఎండలు ముదిరాక ఫోన్‌కు ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. పలకరింపు లేదు. పళ్ళెం చప్పుడు, లాభం, రెండు, మూడు. ఆమె గొంతు వెంట ఇంకో చిన్న గొంతు, తను నేర్పుతున్న కొత్త నర్సుది కాబోలు. పది దాకా వెళ్ళి ఆగిపోయింది. చాలాసార్లు విన్నాను. చిన్న గొంతు ఐదును ఆయిదు అని సాగదీస్తోంది. తిరిగి, "ఐదు పొట్టిగా అనాలి" అని నేనూ వాయిస్ పంపాను. విన్నట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు. థియేటర్ నడుస్తుంటే తీరిక ఉండదు, నాకు తెలుసు.

సాయంత్రం బియ్యం డబ్బా మూత తీశాను. గ్లాసు ముంచి, లాభం అన్నాను. నా ఒక్కదానికి అంతే చాలు. అయినా గ్లాసును గిన్నె మీద పట్టుకుని, లాభం, లాభం, లాభం అంటూ కాసేపు నిలబడ్డాను.