మాట్లాడించి చూసిన బీపీ

ఎవరైనా తన ఉద్యోగం బాగుందంటే నేను నమ్మేదాన్ని కాదు. ఆదివారం మన తెలుగు చర్చిలో, నాది బాగుందని నేనూ అందరికీ చెప్పేదాన్ని కదా!

దేశ రాజధానిలో, సాకేత్‌లోని ఒక ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న రోజులవి. మెట్రో ఇంకా గుర్గావ్ దాకా రాలేదు. అక్కడి కంపెనీల్లో ఏటా జరిగే ఆరోగ్య పరీక్షలకు మమ్మల్ని వ్యానులో పంపేవారు. చేతికి బీపీ పట్టీ చుట్టి, గాలి కొడుతూ, పని ఎలా ఉందని అడిగేదాన్ని. గేటు దగ్గరి గార్డు "బఢియా హై, దీదీ" అని, బ్రహ్మాండంగా ఉందనేవాడు. క్యాబ్ డ్రైవరు దేవుడి దయ అనేవాడు. మేనేజరైతే ఇంగ్లీషులో ఉపన్యాసమే ఇచ్చేవాడు. పాదరసం మాత్రం పైకి ఎగబాకేది. నోరు అబద్ధమాడినా నెత్తురు ఆడదని నా ధీమా.

ఒకసారి తెనాలి వైపు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఒకతను వచ్చి కూర్చున్నాడు.

"ఉద్యోగం ఎట్టా ఉంది తమ్ముడూ?"

"సూపర్ అక్కా. మా టీమ్ చాలా మంచిది."

నూట యాభై రెండు. దొరికాడనుకున్నాను.

నేను అంకె రాస్తుంటే అతని ముఖం పాలిపోయింది.

"అక్కా, వచ్చే వారం నా ఉద్యోగం కన్ఫర్మేషన్. ఈ కాయితం హెచ్ఆర్ వాళ్లు చూస్తారంట. నూట ఇరవై అని రాయండి, మీకు దణ్ణం పెడతా."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుందే అనుకున్నాను. రిపోర్టులు ఎవరూ చూడరని హెచ్ఆర్ అమ్మాయి పొద్దున్నే చెప్పింది. ఆ మాటా నేను నమ్మలేదు. అలాగని తప్పుడు అంకె ఎలా రాస్తాను?

పక్క టేబుల్ దగ్గరి డాక్టరమ్మ లేచి వచ్చింది.

"సిస్టర్, పొద్దుట్నుంచీ చూస్తున్నాను. బీపీ చూసేటప్పుడు మాట్లాడిస్తారా ఎవరైనా? మాట్లాడితే పెరగదా? అయిదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి మళ్లీ చూడండి" అంది హిందీలో.

నర్సింగ్ మొదటి ఏడాదిలో చదువుకున్న పాఠమే అది. సిగ్గుతో తల దించుకున్నాను. నోరు మూసుకుని మళ్లీ చూశాను. నూట ఇరవై ఎనిమిది. పాత అంకె కొట్టేసి అదే రాశాను.

అంతకుముందు ఎంతమందిని అబద్ధాలకోరులని తీర్మానించుకున్నానో! వాళ్ల కాగితాల మీద నేను రాసిన అంకెలు ఎవరు చూశారో, చూసి ఏం చేశారో, నాకు ఇప్పటికీ తెలియదు. తలుచుకుంటే భయమేస్తుంది.

అతను చొక్కా చేయి దించుకుంటూ తేలిగ్గా నవ్వాడు.

"మరి మీ పని ఎట్టా ఉందక్కా?"

నేను ముందు పట్టీ మడిచి పెట్టెలో పెట్టాను.

"బంగారంలాంటి ఉద్యోగం తమ్ముడూ" అన్నాను.