చప్పట్లతో నేర్చుకున్న కపోయిరా

మొన్న జెడ్డాలో మన తెలుగువాళ్ల ఉగాది వేడుకకు వెళ్లి, కడుపులో మంటతో తిరిగొచ్చాను. వేదిక మీద కొందరు కుర్రాళ్లు కపోయిరా ప్రదర్శించారు. అది బ్రెజిల్ దేశపు విద్య. పైకి నాట్యంలా కనిపించే పోరు, దాని ప్రాణమంతా పాటలో ఉంటుంది. వాళ్లు బాగానే ఆడారు, వాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు. కానీ ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషి, ఈ కళను సౌదీలోని రాబిగ్‌లో మొట్టమొదట ప్రోత్సహించింది తానేనని మైకులో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడే, అది విన్నప్పటినుంచి నాకు అన్నం సహించడం లేదు. అడిగేద్దామని దగ్గరికి వెళితే, ఫొటో కోసం వచ్చాననుకుని నా భుజం మీద చెయ్యి వేసి నవ్వాడు.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో రాబిగ్ అంటే రిఫైనరీ, క్యాంపు, సముద్రం, అంతే. నేను ప్రొద్దుటూరు నుంచి టెక్నీషియన్‌గా వచ్చాను. డ్యూటీ, గది, నిద్ర తప్ప మరో బతుకు తెలియని ఆ కాలంలో, వెల్డింగ్ విభాగానికి వచ్చిన ఒక బ్రెజిల్ ఇంజనీరు, సాయంత్రాలు ఇంజనీర్ల బాస్కెట్‌బాల్ కోర్టులో, వచ్చినవాళ్లందరికీ కపోయిరా నేర్పడం మొదలుపెట్టాడు. ఆయన్ని ఇప్పటికీ మా గురువనే అంటాను. నాతోపాటు మా రూమ్మేటు, కరీంనగర్ నుంచి వచ్చిన బస్సు డ్రైవరు కూడా చేరాడు.

తన్నడం నేర్పుతాడనుకుని వెళితే ఆయన మాకు ముందు చప్పట్లు నేర్పాడు. తర్వాత కంజిరలాంటి వాయిద్యం, ఆ తర్వాత బెరింబావు. వంచిన కర్రకు ఒకే తీగ, కింద ఎండిన సొరబుర్ర, సన్నటి పుల్లతో కొడితే ఛాతీలో మోగినట్టుండేది. అందరూ వలయంగా నిలబడి పాడుతుంటే ఇద్దరు మధ్యలోకి దిగుతారు. ఒకడు కాలు విసిరితే రెండోవాడు తగలనీయకుండా వంగి, ఆ ఊపులోనే తన కాలు విసురుతాడు. వేగమెంతో చెప్పేది బెరింబావే. పీర్ల పండక్కి డప్పు దరువు మీద కర్రసాము ఆడే మా చిన్నాయన గుర్తొచ్చి నా పాదాలు వాటంతటవే కదిలేవి. ఒకప్పుడు బ్రెజిల్‌లో బానిసలు తమ పోరును యజమానుల కంటపడకుండా ఆటలో దాచుకున్నారట, ఆ కథ మా గురువు చెబుతుంటే, పాస్‌పోర్టులు కఫీల్ చేతిలో పెట్టి, సెలవు కోసం మమ్మల్ని రప్పించుకున్న ఆ యజమాని సంతకానికి ఎదురుచూసే మాకు ఇంకెవరూ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది.

ఒక సాయంత్రం ఈ పెద్దమనిషే, అప్పట్లో మా క్యాంపు అధికారి, కోర్టులోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏమయ్యా, ఇది ఇంజనీర్ల కోర్టని తెలీదా? ఈ కూలీల చిందులు ఇక్కడేంటి?" అన్నాడు, మిగతావాళ్లకు అర్థం కాకూడదనేమో, తెలుగులోనే.

"చిందులు కాదు సార్, విద్య నేర్చుకుంటాండాం," అన్నాను.

నా వంక చూడనైనా చూడలేదు. సెక్యూరిటీని పిలిచి, బెరింబావు ఆయుధమని చెప్పి పట్టుకుపోయేలా చేశాడు. సొరబుర్ర కట్టిన కర్ర ఆయుధమట! మర్నాడు ఆర్డరు వచ్చింది: ఇంజనీర్లు నేర్చుకోవచ్చు, టెక్నీషియన్లూ డ్రైవర్లూ అటు రాకూడదు.

మా గురువు మళ్లీ ఆ కోర్టులో అడుగు పెట్టలేదు. మనుషుల్ని ఏరి నిలబెడితే అది వలయం కాదు, అలా నేర్పడం నాకు రాదు అని ఆఫీసులో చెప్పి, తిన్నగా మా బస్సుల షెడ్డు వెనక ఇసుకలోకి వచ్చేశాడు.

"గా సారు ఏమన్న చేస్కోనీ అన్నా, నేనైతే రేపు గూడ వస్త," అన్నాడు మా రూమ్మేటు. అందరం వచ్చాం. వాయిద్యం లేదు గనక చప్పట్లతోనే పాడుకున్నాం, ఆడుకున్నాం.

కొన్నాళ్లకు మా గురువు కాంట్రాక్టు పొడిగించకుండా ఎగ్జిట్ కొట్టి స్వదేశానికి పంపేశారు. కారణం ఎవరూ చెప్పలేదు, చెప్పే మర్యాద ఎవరికుంది? ఎయిర్‌పోర్టుకు బస్సు నడిపింది మా రూమ్మేటే. దారి పొడుగునా ఇద్దరూ ఆ పాటలే పాడుకుంటూ వెళ్లారట.

ఒకప్పుడు నలుగురిలో పాట పాడనివ్వని ఈ దేశంలో ఇప్పుడు సముద్రపు ఒడ్డున మైకులు పెట్టి పాడుకుంటున్నారు, సంతోషమే. కానీ ఇంజనీర్ల కాంపౌండుకు కార్డు ఉంటేనే తెరుచుకునే గేట్లు పెట్టారు. మావాళ్ల క్యాంపు వేరు, బస్సు వేరు, మెస్సు వేరు. కలిసే చోటే లేనప్పుడు ఎవరినీ వెళ్లగొట్టే పనేముంది? కళల గురించి మైకులో చెప్పేవాళ్లకు కొదవ లేదు గాని, డ్రైవరు రాని చోట నేనూ ఆడను పొమ్మని, ఉద్యోగం సంగతి కూడా ఆలోచించకుండా ఇసుకలోకి నడిచొచ్చే ఇంజనీరు మాత్రం మళ్లీ నాకెక్కడా కనబడలేదు.