రేవు దగ్గర పెళ్ళిచూపులు

నా పెళ్ళిచూపులు మా ఇంట్లో జరగలేదు. పులికాట్ సరస్సు ఒడ్డున, షికారుకు వచ్చిన జనం మధ్య, మా మేనమామ అంగట్లో జరిగాయి. అలా జరగడానికి కారణం నా ఎడమకాలు.

చిన్నప్పుడు వచ్చిన జ్వరం ఆ కాలిని సన్నం చేసి, కాస్త పొట్టి చేసి పోయింది. కూర్చుంటే తెలియదు. నడిస్తే మాత్రం భుజం లేచి పడుతుంది. అప్పటికే రెండు సంబంధాలు సూళ్ళూరుపేటలోని మా ఇంటిదాకా వచ్చాయి. నేను పళ్ళెం పట్టుకుని వంటింట్లోంచి ముందుగదిలోకి నడిచేలోపే రెండూ తప్పిపోయాయి. వాళ్ళు ఉప్మా తిన్నారు, ప్రార్థన చేశారు, కబురు చేస్తామని చెప్పి వెళ్ళారు. రెండోసారి వాళ్ళు వీధి మలుపు తిరగకముందే అమ్మ పళ్ళేలు కడగడానికి కూర్చుంది. చాలాసేపు కడిగింది.

నాన్న పోయిన తర్వాత మా ఇంటి మంచీ చెడ్డా చూసుకున్నది అమ్మ తమ్ముడే. ఆయన అంగడి రేవు దగ్గర ఉండేది. అరవైల మొదట్లో ఆ ఒడ్డు చలికాలమంతా తిరునాళ్ళలా ఉండేది. గులాబీరంగు రెక్కల కొంగలు దిగాయని తెలిస్తే చాలు, మద్రాసు నుంచి కార్లు, నెల్లూరు నుంచి బస్సులు వచ్చేవి. జనం పడవ ఎక్కి కొంగల్ని చూసొచ్చేవాళ్ళు. ఆ తర్వాత వేయించిన రొయ్యలు తింటూ, గోలీసోడా తాగుతూ తాటాకు పందిళ్ళ కింద అంగళ్ళ వెంట తిరిగేవాళ్ళు. మామ దగ్గర గవ్వలు అతికించిన అద్దాలు, తాటాకు బుట్టలు, విసనకర్రలు, కోరచాపలు దొరికేవి. ఆదివారం మాత్రం మా క్రైస్తవ గుడిలో ఆరాధన ముగిసేదాకా ఆయన తడిక తీసేవాడు కాదు. మద్రాసు దొరసాని వచ్చి తట్టినా సరే.

ఆ మామకే ఒక ఆలోచన తట్టింది. కావలిలో సైకిల్ షాపు పెట్టుకున్న ఒక అబ్బాయి ఉన్నాడు, మన సంఘం వాళ్ళే, తల్లీ కొడుకూ ఇద్దరే. వాళ్ళను ఇంటికి పిలవకుండా కొంగలు చూడటానికి రమ్మన్నాడు. అంగట్లో అమ్మ పక్కన నేను కూర్చునే ఉంటాను. వాళ్ళు సోడా తాగేలోపు నన్ను ముందుగా పడవలో కూర్చోబెడతాడు. తిరిగొచ్చేసరికి వెలుతురు తగ్గుతుంది, రద్దీ పెరుగుతుంది. ఎవరు ఎలా నడిచారో ఎవరికి కనబడుతుంది? పెళ్ళి ఖాయమయ్యాక మెల్లగా చెప్పుకోవచ్చునన్నాడు. నాకు అన్నం సయించలేదు.

వాళ్ళు మధ్యాహ్నం రైలు దిగి గుర్రపుబండిలో వచ్చారు. తల్లి భారీ మనిషి, మాట నిదానం. అబ్బాయి చామనచాయ, గోళ్ళ అంచుల్లో ఎంత తోమినా పోని నల్లటి నూనె. నేను చాప మీద కూర్చునే వందనాలు చెప్పాను. ఆమె నా చదువు గురించి అడిగింది, పాటల పుస్తకంలో ఏ పాట ఇష్టమో అడిగింది. గవ్వల అద్దం ఒకటి ఎంచుకుని పక్కన పెట్టమంది. వెనక ఉన్న చాప చూపించమంటే మామ గబుక్కున తానే లేచి తెచ్చాడు. అంతా ఆయన అనుకున్నట్టే సాగింది.

పడవలోనూ సాగింది. కొంగలు ఒక్కసారిగా లేచినప్పుడు ఆమె చిన్నపిల్లలా నా చెయ్యి పట్టుకుంది. వెనక్కి వచ్చేటప్పుడు, ఒడ్డు ఇంకా కొంచెం దూరముందనగా, పడవ అడుగు బురదలో కూరుకుపోయింది. ఎండలు ముదిరే ముందు ఆ సరస్సులో నీళ్ళు తగ్గిపోతాయి. గెడకర్రతో పడవ నడుపుతున్న అన్న రెండుసార్లు తోసి చూసి, అందరూ దిగి నడిస్తే గాని పడవ కదలదన్నాడు. కూర్చుందాం, నీళ్ళొస్తాయి అన్నాడు మామ. ఈ నెలలో రావన్నాడు ఆ అన్న.

అబ్బాయి ముందు దిగి ఒడ్డుకు దారి చూస్తూ వెళ్ళాడు. మామ దిక్కుతోచక పడవ కొసన నిలబడ్డాడు. ఆ తల్లి మోకాలి లోతు నీళ్ళలో దిగీ దిగగానే బురదలో కాలు కూరుకుపోయి, పడబోయింది. నేను దిగాను. ఆ బురద నాకు కొత్త కాదు. నా భుజం పట్టుకోమన్నాను, కాలు ఎత్తకుండా జరుపుతూ రమ్మన్నాను. ఆమె బరువంతా నా మీద వేసింది. కొంత దూరం నడిచాక అడిగింది.

"ఏందమ్మా, కాల్లో ఏమన్నా గుచ్చుకుందా? భుజం అట్ట పడిపోతా ఉండాది."

అబద్ధం నోటిదాకా వచ్చింది. గవ్వ కోసిందంటే సరిపోయేది.

"లేదమ్మా. నా కాలే అంత. చిన్నప్పటి నించీ."

ఆమె నీళ్ళలో ఆగిపోయింది.

"మీ మామ చెప్పలేదే."

"చెప్తే మీరు రారని చెప్పలా."

చెయ్యి తీసేస్తుందనుకున్నాను. తియ్యలేదు. "పద" అంది. ఒడ్డు చేరేదాకా నా భుజం వదల్లేదు. కాళ్ళు కడుక్కుని, మామ వైపు చూడకుండా, కొడుకును బండి పిలవమంది. గవ్వల అద్దం అంగడి బల్ల మీదే ఉండిపోయింది. అంగట్లోనే ఉండిపోయిన అమ్మ ఎదురొచ్చింది. వంగి తన కొంగుతో నా పాదాలు తుడిచింది. నాకు ఏడుపు రాలేదు. ఆ రోజు ఇంటికి వెళ్ళి కడుపునిండా తిన్నాను.

కొన్ని వారాలు గడిచాయి. మామ ఆ సంబంధం మాటెత్తలేదు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మేము తడిక తీస్తుండగా ఆ తల్లీ కొడుకూ బండి దిగారు. ఆమె బల్ల మీద కూర్చుని, పందిరి చివర వేలాడుతున్న బుట్ట చూపించమంది. మామ లేవబోయాడు.

"మీరు కూసోండి. అమ్మాయి తెస్తాది."

నేను లేచాను. అంగళ్ళ ముందు జనం ఉన్నారు, కొందరు తిరిగి చూశారు. పందిరి చివరిదాకా నడిచి బుట్ట తెచ్చి ఆమె చేతికిచ్చాను. ఆమె బుట్టను చూడలేదు, నన్నే చూసింది.

"నిన్ను నడిపించి చూసి, అప్పుడు అడుగుదామని వచ్చినా," అంది. "కూసోబెట్టి అంటగట్టినారని రేపు ఒక్కరూ అనగూడదు. అడిగినాక నిజం చెప్పినావు, నాకది చాలు. ఇంక మావాడితో మాట్లాడు. నీకు ఇష్టమైతేనే."

మామ తల వంచుకుని తప్పు తనదేనన్నాడు. ఆమె నిదానంగా "తప్పే" అని, తాగడానికి నీళ్ళడిగింది.

మేమిద్దరం ఒడ్డు వెంట సోడా అంగడి దాకా నడిచాం. మొదటి రోజు తన తల్లి వచ్చినా నేను లేవకపోతే పొగరనుకున్నాడట. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగాక, గుండెలో ఉన్నది అడిగేశాను.

"జాలిపడి చేసుకుంటా ఉండారా?"

సోడా సీసా చేతిలో తిప్పుతూ ఆలోచించాడు.

"జాలయితే ఆ రోజే ఒప్పుకొని ఉందును," అన్నాడు. "ఆ రోజు నాకు కోపమే వచ్చింది, మీ మామ మీద. ఇంటికి పోయినాక కోపం పోయింది. మీరు పోలా."

ఈస్టర్ దాటాక మా ఊరి గుడిలో పెళ్ళయింది. అత్తను మా పెళ్ళిచూపులు ఎలా జరిగాయని ఎవరైనా అడిగితే, కోడలు తనను బురదలోంచి ఈడ్చుకొచ్చిందనే చెప్పేది. నాకు జ్వరమొస్తే ఆమే తల దువ్వేది.

కావలిలో మొదటి ఆదివారం ఆయనా నేనూ గుడికి బయల్దేరాం. ఆయన తన అలవాటు కొద్దీ వడివడిగా నడుస్తూ, ఏదో మాట్లాడుతూ, చాలా ముందుకు వెళ్ళిపోయాడు. నా వల్ల ఆలస్యమవుతుందని అనిపించుకోకూడదని నేను పరుగులాంటి నడక నడిచాను. ఊపిరి అందలేదు. చివరికి నిలబడి పిలిచాను. కొంచెం మెల్లిగా నడవండి అన్నాను. ఆ మాట అంతకుముందు ఎవరితోనూ అనలేదు. ఆయన వెనక్కి వచ్చి, నా పక్కన నిలిచి, నా ఊపిరి కుదుటపడేదాకా ఎదురింటి ప్రహరీ మీది కాకరతీగను చూస్తూ ఉన్నాడు. తర్వాత బయల్దేరాం. మేం వెళ్ళేసరికి లోపల మొదటి పాట అయిపోవచ్చింది.