సబ్బు రాసిన కమాను

మా స్కూలు వాళ్ళు దానికి ఆర్కెస్ట్రా అని పేరు పెట్టుకున్నారు. ఉన్నవి పన్నెండు వయొలిన్లు, రెండు మాండొలిన్లు, ఒక తబలా. రాజమండ్రిలో ఇంకే స్కూల్లోనూ లేదని ప్రిన్సిపాల్ గారు అడ్మిషన్లప్పుడు గొప్పగా చెప్పుకునేవారు. శనివారం మధ్యాహ్నాలు సైన్సు ల్యాబ్ వెనక గదిలో చాపల మీద బాసింపట్టు వేసుకుని, వయొలిన్ తలని కుడి పాదం మీద ఆనించి, సరళీ వరుసలు వాయించేవాళ్ళం. బయట వినేవాళ్ళకి పన్నెండు తలుపులు ఒకేసారి కిర్రుమన్నట్టు ఉండేదట. వేళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియడానికి వయొలిన్ మాస్టారు తీగల కింద బొట్టుబిళ్ళలు అంటించేవారు. మా అమ్మ బొట్టుబిళ్ళలు సగం అలాగే అయిపోయాయి.

నేను లీడర్ని. తొమ్మిదో తరగతిలో ఆ మాట నా తలకి బాగానే ఎక్కింది. తీగల మీద లాగే కమానులన్నిటికీ రోజిన్ బిళ్ళ రుద్దడం లీడరు పని. అది రుద్దితేనే కమాను వెంట్రుకలు తీగను పట్టుకుంటాయి. లేకపోతే జారిపోతాయి, నాదం పలకదు.

నా పక్కన కూర్చునే అమ్మాయి వాళ్ళ నాన్నగారు పేపరు మిల్లులో పనిచేసేవారు. ఆ అమ్మాయి నాకంటే ఎక్కువ సాధన చేసేది. అప్పుడు ఒప్పుకోలేదు గానీ ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. కాకపోతే ధైవతం దగ్గరికి వచ్చేసరికి కంగారుపడి వేలిని బొట్టుబిళ్ళ దాటించేసేది. పన్నెండుమందిలో ఆ ఒక్క స్వరం పంటికింద రాయిలా తగిలేది.

యాన్యువల్ డేకి వారం ముందు తను నాతో ఒక మాట చెప్పింది. "టెన్త్‌లోకి వెళ్తే వయొలిన్ మానిపించేస్తానంటున్నారే మా నాన్న. ఈసారి వినడానికి వస్తారంట. బాగా వాయించాననిపిస్తే ఉండనిస్తారంట." ధైవతం చూసుకో అని మాత్రం అన్నాను.

మాస్టారు వయసులో ఉన్నప్పుడు సినిమా పాటల ట్రూపులో వాయించేవారు. నలుగురు వయొలిన్ వాళ్ళని తెస్తామని ట్రూపువాళ్ళు మాటిచ్చి, తీరా ముగ్గురే దొరికితే, ఏమీ రానివాణ్ణి ఒకణ్ణి పట్టుకొచ్చి కూర్చోబెట్టి, వాడి కమానుకి సబ్బు రాసేవారట. చెయ్యి ఆడుతుంది, చప్పుడు రాదు. ఆ కథ చెబితే అందరికంటే ఎక్కువ నవ్వింది ఆ అమ్మాయే. ఆయన నవ్వించడానికి చెప్పారు. నేను నేర్చుకున్నాను.

ముందురోజు ఆఖరి రిహార్సల్లో కూడా ధైవతం తప్పింది. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. వయొలిన్లు గదిలోనే పెట్టేసి అందరూ వెళ్ళాక పదకొండు కమానులకి రోజిన్ రుద్దాను. పన్నెండోదానికి, ల్యాబ్ సింకు దగ్గర అరిగిపోయిన సబ్బుముక్క తెచ్చి ఈ చివర నుంచి ఆ చివరదాకా రాశాను. చేతులు వణికాయని రాస్తే బాగుంటుంది. వణకలేదు. ఆర్కెస్ట్రా పరువు కాపాడుతున్నాననుకున్నాను. వాళ్ళ నాన్నగారు వస్తున్న సంగతి గుర్తుండే చేశాను.

మర్నాడు స్టేజి మీద మోహనంలో గీతం మొదలైంది. తను కమాను లాగింది. పలకలేదు. ఇంకోసారి అదిమి లాగింది. అప్పుడు వెంట్రుకల మీద వేలు ఆనించి చూసుకుని, తల తిప్పి నన్ను చూసింది. అంతా అర్థమైన చూపు అది. లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. స్టేజికి మా వైపు, మెట్ల పక్కనే, వాళ్ళ నాన్నగారు ఫోను ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నారు. తను గీతం మొత్తం చెయ్యి ఆడించింది. ఒక్కసారి కూడా తప్పకుండా అందరితో కలిపి ఆడించింది. ధైవతం దగ్గర వేలు సరిగ్గా బొట్టుబిళ్ళ మీదే పడింది. అది చూసింది నేనొక్కదాన్నే.

చప్పట్లయ్యాక మేం మెట్లు దిగేసరికి ఆయన ఎదురొచ్చారు. డ్యూటీ మార్చుకుని వచ్చారట. వీడియో పెట్టి ఫోను నా చెవి దగ్గర పట్టారు. దగ్గరగా ఒక వయొలిన్ స్పష్టంగా వినిపిస్తోంది, మిగతావన్నీ దాని వెనక. ఎవరి వాయింపు వాళ్ళకి తెలియకుండా ఉండదు. అది నాది.

"లీడరంట కదమ్మా నువ్వు. ఇక్కడ బాగా వినపడేది మా పాపదే కదా?" అన్నారు.

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను.

"నాదే నాన్నా," అంది తను. నా వైపు చూడలేదు.

ఆయన కాసేపు కూతుర్నే చూశారు. "అయితే మానొద్దులే అమ్మా," అన్నారు. తను తల ఊపింది.

ఆయన మళ్ళీ మొదటినుంచి పెట్టారు. ముగ్గురం అక్కడే నిలబడి, గీతం అయ్యేదాకా నా వయొలిన్ విన్నాం.